పరాయి కందకం, పొత్తుల బావి

మట్టి తవ్వడం నాకు మీసాలు రాకముందే వచ్చిన పని. తవ్విన మట్టిని మళ్ళీ అదే గుంతలో పోసి చదును చేయడం మాత్రం ఖతర్ వెళ్ళాకే నేర్చుకున్నాను. ఆ విద్య ఇప్పటిదాకా నాకు దేనికీ పనికిరాలేదు.

కువైట్ యుద్ధం అయిపోయినా దాని భయం ఇంకా పోని రోజులవి. దోహాలో పైపులకు గుంతలు తవ్వుకుంటున్న మా కరీంనగర్ గుంపును కంపెనీవాళ్ళు ఒకరోజు బస్సెక్కించి, దుఖాన్ దారిలో చాలా దూరం తీసుకెళ్ళి, రోడ్డు దిగి, ఎడారిలో గుడారాల ముందు దింపారు. అక్కడ సైనికులున్నారు. వాళ్ళు కందకాల్లో బతుకుతూ యుద్ధం చేయడం నేర్చుకోవాలట. ఆ కందకాలు మేం తవ్వాలి. తవ్వి ఊరుకుంటే సరిపోదు, అవి పూడకుండా చూస్తూ, ఇసుక సంచులు నింపుతూ, వాళ్ళ పక్కనే గుడారాల్లో పడుండాలి. యుద్ధం లేదు, శత్రువు లేడు, కందకం మాత్రం ఉండాలి. నాకు మొదటిరోజే ఒళ్ళు మండింది.

మా ఊళ్ళో గల్ఫ్ మొత్తానికీ దుబాయే పేరు. "మా ఇంటాయన దుబాయ్‌ల మిలిట్రీల చేస్తుండు" అని నా భార్య ఎవరితోనో అన్నదట. అంతే, నా చేతికి తుపాకీ ఇచ్చారని ఊరంతా పాకిపోయింది. నా చేతిలో ఉన్నది గడ్డపార. అది కూడా ఊళ్ళో నాకున్నదానికంటే నాసిరకంది.

ఆ సంవత్సరం నాకు కావలసింది ఒక్కటే. మృగశిర కార్తెలోపు ఇంటికి చేరాలి. మాది పొత్తుల బావి, నేనూ మా పెద్దనాన్న కొడుకులిద్దరూ కలిసి మూడు వంతులు. రెండేళ్ళుగా నీళ్ళు అడుగంటాయి. మోటరు వేస్తే ఒక బీడీ తాగేంతసేపు పోసి, తర్వాత గాలి కక్కేది. అడుగున రాయి ఉంది. దాన్ని తూటాలు పెట్టి పగలగొట్టి, క్రేనుతో ఎత్తిపోసి, ఇంకా లోతుకు వెళితే తప్ప ఊట తగలదు. ఆ పని నడి ఎండాకాలంలోనే చేయాలి, ఎందుకంటే అప్పుడే బావి అడుగు కనిపిస్తుంది. ఒక్క గట్టి వాన పడిందా, నీళ్ళు నిలుస్తాయి, ఇక మనిషి దిగలేడు. మళ్ళీ ఏడాది ఆగాలి.

ఇక మా అన్నదమ్ముల సంగతి. వెనకటికోసారి ఒక వంతుదారు ఊళ్ళో లేనప్పుడు బావి తవ్వితే, రాయి ఎవరి పొలం వైపు పగలగొట్టారు, ఊట ఎవరి వైపు మళ్ళించారు అని కొట్టుకునేదాకా వచ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. బావి తవ్వితే వంతుకొక మనిషి ఒడ్డున నిలబడాలి. కూలిమనిషి చెల్లడు, బామ్మర్ది చెల్లడు, వంతుదారుడే ఉండాలి. రెండేళ్ళ సతాయింపు తర్వాత ఆ వేసవికి తవ్వడానికి అన్నలిద్దరూ ఒప్పుకున్నారు. వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడమంటే మామూలు విషయం కాదు. ఆ మాట ఏడాదిపాటు నిలుస్తుందన్న నమ్మకమూ లేదు.

ఈ సంగతి నా భార్య క్యాసెట్టులో చెప్పి పంపింది. అప్పట్లో మేం ఉత్తరాల బదులు టేప్‌రికార్డర్‌లో మాట్లాడి, వచ్చేవాళ్ళతో క్యాసెట్టు పంపుకునేవాళ్ళం. "అన్నలు ఒప్పుకున్నరు. ఈ ఎండకాలమే అంటున్నరు. నువ్వు రావాలె. ఇగో, బాయికాడనే ఉన్న, ఇను" అన్నది. గిలక కిర్రుమంటూ చాలాసేపు తిరిగింది. తర్వాత బొక్కెన ఠంగుమని దేనికో తగిలింది. "ఇన్నవా? నీళ్ళ సప్పుడు గాదది, రాయి సప్పుడు. మిరుగం లోపల రా" అన్నది. నేను ఆ ముక్క వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. రాయి చప్పుడే.

మా క్యాంప్ బాస్‌ను అడిగితే హిందీలో తేలిగ్గా చెప్పేశాడు. "కామ్ ఖతమ్, ఛుట్టీ." పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంది కాబట్టి ఆ మాటే శాసనం. పని అయిపోతే సెలవు. నాకు సంతోషమే కలిగింది. ఇంకా ఎండలు ముదరలేదు, పనేమో తవ్వకం. తవ్వకంలో మమ్మల్ని కొట్టేవాడెవడు అనుకున్నాను. ఆ పొగరే మా కొంప ముంచింది.

సైనికులు ముందురోజు నేల మీద సున్నంతో గీత పోసి వెళ్ళారు. మేం పొద్దున వెళ్ళి చూస్తే ఆ గీత అటు వంగి, ఇటు వంగి, పాము పాకినట్టుంది. అక్కడక్కడ గాలికి చెదిరిపోయింది కూడా. మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. పాపం, వీళ్ళకు గీత గీయడం కూడా రాదనుకున్నాం. మా వైపు కాలువ తవ్వాలంటే ముందు ఈ చివర ఒక మేకు, ఆ చివర ఒక మేకు కొట్టి దారం లాగుతాం. దారానికి వేలెడు పక్కకు పోయినా ఆ చేత్తో అన్నం ఎట్లా తింటున్నవురా అంటారు. వంకర కాలువ తవ్వినవాడికి పిల్లనిచ్చిన మామ కూడా విలువ ఇవ్వడు. అందుకని దారం లాగి, సున్నం గీతను మా అంతట మేమే సరిచేసి, ఛాతీ లోతున నిక్కచ్చిగా తవ్వేశాం. పైన జానెడు ఇసుక, కింద గచ్చులాంటి రాతినేల. చేతులు బొబ్బలెక్కాయి. వారం దాటాక ఒక చివర నిలబడి చూస్తే రెండో చివర గీసినట్టు కనిపించింది. ఎవరైనా పెద్దమనిషి వచ్చి భుజం తడితే బాగుండనిపించింది.

వచ్చాడు. ఆ సైనికుల మీద హవల్దారులాంటివాడు, అరబ్బీలో ఆ హోదాను రఖీబ్ అంటారు కాబట్టి మేమూ రఖీబ్ అనే పిలిచేవాళ్ళం. బలూచీ మనిషి, ఉర్దూ మాట్లాడతాడు. మా కందకాన్ని చూసి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"యే క్యా కియా? సీధా నహీ, టేఢా! టేఢా చాహియే!"

వంకరగానే కావాలట! కందకం తిన్నగా ఉంటే ఒక్కడు చివర నిలబడి తుపాకీ పేలిస్తే వరసగా అందరూ పోతారు, బాంబు పడితే ఆ దెబ్బ ఈ చివర నుంచి ఆ చివరదాకా పాకుతుంది, మలుపులుంటే మలుపు దగ్గర ఆగుతుంది అని తన కర్రతో నేల మీద గీసి చూపించాడు. మాకు అర్థమైంది. అర్థమైతే ఏం లాభం? సగానికి పైగా పూడ్చి మళ్ళీ వంకరగా తవ్వమన్నారు. క్యాంప్ బాస్ నా వైపు వేలు చూపించి, దారం లాగమన్నది వీడే, ముందు ఇది సరిచేస్తేనే వీడి ఛుట్టీ మాట అన్నాడు. దారం అందరం కలిసే లాగాం. పేరు నాదయింది.

మాకు నీళ్ళు తెచ్చే ట్యాంకర్ డ్రైవరు గోదావరి జిల్లా మనిషి. అంత ఎడారిలో మా గుంపు బయట తెలుగు మాట్లాడేది అతనొక్కడే. సంగతి విని పడీ పడీ నవ్వాడు. "అదేటండీ బాబూ, మీరు చేసేది సరిగ్గా చేసినందుకు తిట్లు తిన్నారన్నమాట. ఆయ్, ఇదెక్కడి ఉద్యోగమండీ!" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. "నీకేందన్నా, నీకు బాయి లేదు" అన్నాను. "మాకు కాలవుందండి" అన్నాడు. ఆ మాటకు ఇంకా మండింది.

వంకర కందకం సిద్ధమయ్యేసరికి ఎండలు ముదిరాయి. సైనికులు అందులోకి దిగారు. నేను అనుకున్నాను, ఇక పని అయిపోయింది కదా అని. కాలేదు. పెద్ద సాబ్ వచ్చి చూడాలట. ఆయన చూసి సరే అంటేనే పని అయినట్టు. అప్పటిదాకా కందకం కొత్తదానిలా ఉండాలి.

సైన్యం అంటే నాకు గుర్తొచ్చేవి కవాతులూ తుపాకులూ కావు, ఆ గుంతలో వాళ్ళు గడిపిన రోజులు. సూర్యుడు రాకముందే అందరూ కందకం గోడకు కట్టిన మెట్టెక్కి, ఇసుక సంచుల మీద తుపాకులు పెట్టి తూర్పుకేసి చూడాలి. శత్రువు తెల్లవారే వేళకే మీద పడతాడట. రోజూ చూసేవాళ్ళు. రోజూ ఎండే మీద పడేది. ఒకసారి మాత్రం ఒంటెలు వచ్చాయి, వాటిని తోలుకుంటూ ఒక ముసలాయన వచ్చాడు. మీరంతా గోతిలో ఏం చేస్తున్నారని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. ఆ ముసలాయన మీద నాకు చాలా గౌరవం కలిగింది.

తర్వాత తుపాకులు విప్పి తుడుచుకునేవాళ్ళు. తుడిచి బిగించేలోపే సన్నని ఇసుక మళ్ళీ లోపలికి పోయేది. అన్నంలో ఇసుక, టీలో ఇసుక, చెవుల్లో ఇసుక. మనిషికి ఇంత అని నీళ్ళు, అందులోనే తాగడం, అందులోనే మొహం కడగడం. పొద్దున ఒక గోడకు, సాయంత్రం ఎదుటి గోడకు జానెడు నీడ ఉండేది. ఆ నీడతోపాటు మనుషులు కూడా జరిగేవాళ్ళు. నడి మధ్యాహ్నం నీడే ఉండదు, తార్పాలిన్ కింద ఒకరి కాళ్ళ మీద ఒకరు పడుకోవాల్సిందే. బూట్లు విదిలించకుండా తొడిగినవాడిని తేలు కుట్టేది. ఒక మలుపులో మరుగుదొడ్డి డ్రమ్ము. దాన్ని రోజూ మోసుకెళ్ళి దూరంగా పారబోయడం మా వంతు. ఒప్పందంలో తవ్వకం అన్నారు, ఇది అనలేదు కదా అని మా వాడొకడు అడిగితే క్యాంప్ బాస్, "డ్యూటీ ఈజ్ డ్యూటీ" అన్నాడు. మా వాడు వెళ్ళి డ్రమ్ము ఎత్తుకున్నాడు.

ఆ సైనికులను చూస్తే మొదట్లో అసూయగా ఉండేది. తర్వాత అది పోయింది. ఒక్కొక్కడిది ఒక్కో దేశం, అందరూ మాలాగే సెలవు కోసం కాచుకుని ఉన్నవాళ్ళే. ఎప్పుడు వస్తాడు పెద్ద సాబ్ అని అడిగితే "బుక్రా" అనేవాళ్ళు. రేపు అని. మర్నాడు అడిగినా బుక్రాయే.

రఖీబ్‌కు నేను బావి సంగతి చెప్పాను. నాకొచ్చిన హిందీలో వంతులూ, రాయీ, వానా అంతా చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయన అడ్డురాకుండా విన్నాడు. తమ వైపు కూడా నీళ్ళకు వంతులుంటాయనీ, వంతు తప్పితే తమ్ముడి పొలమైనా ఎండాల్సిందేననీ అన్నాడు. తన సెలవు కూడా ఈ తనిఖీలోనే ఇరుక్కుందన్నాడు. "క్యా కరే", ఏం చేస్తాం అని ఖాళీ చేతులు చూపించాడు. నాకు ఆయన మీద కోపం తెచ్చుకునే అవకాశం కూడా లేకుండా పోయింది.

ఇక గాలి మొదలైంది. ఉత్తరం నుంచి వచ్చే ఆ గాలిని అక్కడ షమాల్ అంటారు. రోజంతా వీస్తుంది, కళ్ళు తెరవనివ్వదు. పొద్దున లేచేసరికి కందకం మోకాలి లోతు పూడి ఉండేది. ఎత్తిపోసేవాళ్ళం. ఎత్తిన ఇసుక గాలికి మా మొహాల మీదికే వచ్చేది. సాయంత్రానికి శుభ్రం. పొద్దున్నే మళ్ళీ మోకాలి లోతు. పెద్ద సాబ్ వస్తాడని రెండుసార్లు సంచులన్నీ దులిపించారు, రెండుసార్లూ గాలి ఎక్కువగా ఉందని రాలేదు. గాలి తగ్గాక ఎండ ఎక్కువగా ఉందని రాలేదు. నేను ఇసుక ఎత్తుతూ, ఇదే ఎత్తు ఎత్తితే మా బావి ఈపాటికి పాతాళానికి పోయి ఉండేది అని లెక్కకట్టుకునేవాడిని. కట్టుకుని, ఎవరినో ఒకరిని తిట్టేవాడిని. మా గుంపులో నాతో మాట్లాడటం తగ్గించేశారు.

ఒక శుక్రవారం ట్యాంకర్‌లో దోహాకు వెళ్ళాను. అక్కడి ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో మా ఊరివాళ్ళ రూము ఉండేది. సెలవు ముగించుకుని అప్పుడే దిగినవాడొకడు గదిలో పచ్చళ్ళు పంచుతూ ఊరి కబుర్లు చెబుతున్నాడు.

"మిరుగం జొచ్చిందో లేదో, దంచి కొట్టిందనుకో వాన! ఒర్రెలు పొంగినయి. ఊరంత దున్నకాలే" అన్నాడు.

గదిలో అందరూ సంబరపడ్డారు. ఒకడు టీ పెట్టాడు. నేను మంచం మీద కూర్చుని వానను తిట్టాను. రైతు కడుపున పుట్టి వానను తిట్టడం నా జీవితంలో అదే మొదటిసారి. "మా బాయికాడికి క్రేను అచ్చిందా?" అని అడిగితే, "అచ్చింది, రెండు రోజులున్నది. నువ్వు లేవని మీ పెద్దన్న తవ్వనియ్యలే. వేరేటోళ్ళ బాయికి పోయింది" అన్నాడు. మా అన్నను తిట్టడానికి నోరు రాలేదు. కట్టుబాటు కట్టుబాటే. నేనున్నా అదే మాట అనేవాడిని.

పెద్ద సాబ్ ఆ తర్వాత వచ్చాడు. పొద్దుటి నుంచి అందరినీ మెట్ల మీద నిలబెట్టారు. నల్ల కారు వచ్చి కందకానికి కొంచెం దూరంలో ఆగింది. అద్దం సగం దిగింది. రఖీబ్ సెల్యూట్ కొట్టి ఏదో చెప్పాడు. లోపలి మనిషి మా మలుపుల వైపు ఒకసారి చూశాడు, లేదా గడియారం చూసుకున్నాడు. దూరం నుంచి నాకు తెలియలేదు. అద్దం పైకి వెళ్ళింది. కారు తిరిగి వెళ్ళిపోయింది. ఆయన కారు దిగనేలేదు. మేం అంచులు చెక్కిన గోడలూ, వరసగా పేర్చిన సంచులూ, వంకర టింకర మలుపులూ ఏవీ ఆయనకు ఆ అద్దంలోంచి కనబడి ఉండవు. మట్టి కుప్ప మాత్రం కనబడి ఉంటుంది.

మర్నాడే హుకుం వచ్చింది. అంతా పూడ్చేయాలి. మేత కోసం తిరిగే ఒంటెలు పడిపోతాయట, నేల ఎప్పటిలా ఉండాలట. యల్లా, యల్లా అని తరిమారు. ఎన్ని నెలలు తవ్వామో, పూడ్చడానికి వాటిలో వీసమెత్తు కూడా పట్టలేదు. చివరి పార ఇసుక పోశాక రఖీబ్ వచ్చి ఆ నేల మీద ఇటు నుంచి అటు నడిచాడు. నేను పార దులిపి భుజాన వేసుకున్నాను. ఆ సాయంత్రం క్యాంప్ బాస్ నవ్వుతూ పాస్‌పోర్టు చేతిలో పెట్టి, "కామ్ ఖతమ్, ఛుట్టీ" అన్నాడు. అతను మాట తప్పలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇంటికి వెళ్ళేసరికి ఊరంతా పచ్చగా ఉంది. బావి నిండా నీళ్ళు. పై మెట్టు ఒక్కటే బయటికి కనిపిస్తోంది. కప్పలు అరుస్తున్నాయి. పెద్దన్న నన్ను చూసి నిజంగానే సంతోషించాడు.

"అచ్చినవారా? జర్ర ముందుగాల రాకపోతివి. ఇప్పుడేం తవ్వుతవ్, మునుగుతవా?" అన్నాడు.

సెలవంతా నేను ఆ బావి చుట్టే తిరిగాను. నీళ్ళు తగ్గుతాయేమో అని చూడటం, వాన పడటం. ఊళ్ళోవాళ్ళు నిండిన బావిని చూసి నాకు అదృష్టం పట్టిందన్నారు. ఒకరోజు నా భార్య సద్ది తెచ్చి ఒడ్డున పెట్టి, పక్కన కూర్చుని అడిగింది.

"గన్ని నెలలు తవ్వినవు గద, ఎంత లోతు తవ్వినవు?"

"ఛాతీ దాక."

"ఎంత పొడుగు?"

"శానా."

"ఇప్పుడేడున్నదది?"

పూడ్చేశామని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. ఎందుకు పూడ్చారని అడిగింది. ఒంటెలు పడతాయని చెప్పాను. ఆమె నా మొహం వంక చూసి, నేను ఎగతాళి చేస్తున్నాననుకుని లేచి వెళ్ళిపోయింది. ఆమెను నమ్మించడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను విమానం ఎక్కే రోజుకు నీళ్ళు ఒక మెట్టు దిగాయి.

తర్వాతి ఎండాకాలం మమ్మల్ని మళ్ళీ అదే ఎడారికి పంపారు. పాత కందకం ఆనవాలు కూడా మిగల్లేదు. రఖీబ్ సున్నం పోస్తూ అటు వంగి, ఇటు వంగి గీత గీస్తున్నాడు. మాలో ఎవరూ దారం బయటికి తీయలేదు. ఛుట్టీ ఎప్పుడని క్యాంప్ బాస్‌ను నేను అడగలేదు. జవాబు నాకు తెలుసు.

ఆ వారంలోనే ట్యాంకర్ డ్రైవరు దోహా నుంచి ఒక క్యాసెట్టు తెచ్చాడు. ఇంటి నుంచి వచ్చిందే. గుడారంలో ఇద్దరం కూర్చుని పెట్టాం. మొదట ఏమీ లేదు. తర్వాత గిలక కిర్రుమనడం మొదలైంది. కిందటిసారి కంటే ఎక్కువసేపు తిరిగింది. బొక్కెన రాయికి తగిలి ఠంగుమంది. పైకి లాగిన చప్పుడు. మళ్ళీ గిలక, మళ్ళీ ఠంగు. టేపు ఆగిపోయింది.

డ్రైవరు క్యాసెట్టు తిప్పి వేసి చూశాడు. రెండోవైపు ఖాళీ.

"ఏటండీ, ఆవిడేం మాట్లాడలేదేంటి? మిషన్ పాడయిందంటారా?" అన్నాడు.

"లేదన్నా, మంచిగనే ఉన్నది" అన్నాను. బయట గడ్డపారలు రాతినేలకు తగిలి ఠంగుమంటున్నాయి. నా పేరు పెట్టి ఎవరో యల్లా అని కేకేశారు. లేచి వెళ్ళాను.